కొండారెడ్డి బురుజు ఫోటోను పోస్టర్ బొమ్మగా మార్చడం: కెమెరా నుంచి ప్రింటు దాకా

మా ఇంటి గోడ మీద ఉన్న కొండారెడ్డి బురుజు పోస్టర్ చూసినవాళ్లంతా ఒకటే అడుగుతారు: "ఇది ఏ ఫిల్టర్?" ఫిల్టర్ ఏదీ కాదు. మూడు లేయర్లు (ఒకదానిపై ఒకటి పరిచిన పారదర్శక షీట్ల లాంటి పొరలు), నాలుగు రంగులు, అంతే. ఇలాంటిదే చేద్దామని యాప్‌లో ఒక బటన్ నొక్కితే ఆకాశమంతా మచ్చలు పడి, బురుజు రాళ్లూ ముందున్న ఆటోలూ ఒకే ముద్దై, విసుగొచ్చి వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఇది వివరంగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట గుర్తుపెట్టుకోండి. రంగు గురించి ఆఖర్న ఆలోచించాలి. ముందు వెలుగు నీడలు తేలాలి. నలుపు తెలుపులో బొమ్మ నిలబడితే ఏ రంగులు వేసినా నిలబడుతుంది. నలుపు తెలుపులోనే ముద్దగా ఉంటే ఎన్ని ఎఫెక్టులు వేసినా లాభం లేదు.

నేను కర్నూలు బురుజును ఉదాహరణగా తీసుకున్నాను. అనంతపురం క్లాక్ టవర్‌కైనా, కడప ఏడు రోడ్ల కూడలికైనా వరుస ఇదే.

1. చేతిలో ఏముండాలి

ఫోన్ కెమెరా చాలు. డీఎస్‌ఎల్‌ఆర్ ఉంటే మంచిదే కానీ తప్పనిసరి కాదు.

కంప్యూటర్‌లో జింప్ (GIMP, ఫోటోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) వేసుకోండి. ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి చాలా ఫిల్టర్ల విలువలను వేసిన తర్వాత కూడా మార్చుకోవచ్చు. కాబట్టి పాతది ఉంటే తీసేసి కొత్తది వేసుకోండి. ఫోటోషాప్ అలవాటున్నవాళ్లకు ఇక్కడ చెప్పే పనులన్నిటికీ అందులోనూ దారి ఉంది, పేర్లు కొద్దిగా మారతాయి.

ఫోటో సైజు సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి. 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే సుమారు 4000 × 3000 పిక్సెల్స్. ఏ4 కాగితం మీద అంగుళానికి 300 చొప్పున ప్రింటు వేయాలంటే 3508 × 2480 కావాలి, కాబట్టి హాయిగా సరిపోతుంది. ఏ3కి 4961 × 3508 కావాలి. మన 4000 పిక్సెల్స్‌ను ఏ3 పొడవున పరిస్తే అంగుళానికి 240 వస్తాయి. మామూలు ఫోటోకి అది కాస్త తక్కువే అనిపించవచ్చు కానీ, చదునైన రంగులతో చేసే పోస్టర్‌కు ఏ ఇబ్బందీ ఉండదు.

2. ఏ వేళకు వెళ్లాలి

బొమ్మ సగం ఇక్కడే తయారవుతుంది. గుండ్రటి బురుజు గుండ్రంగా కనబడాలంటే ఒక పక్క వెలుగు, ఇంకో పక్క నీడ ఉండాలి. ఎదురుగా పడే ఎండలో బురుజు చపాతీ లాగా చదునుగా వస్తుంది.

కర్నూల్లో మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తి మీదకు వస్తాడు. నీడలన్నీ కాళ్ల కిందే ఉంటాయి. ఆకాశం తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఆ వేళ తీసిన ఫోటోతో ఈ పని చేయకండి. డిసెంబర్‌లో మధ్యాహ్నం కూడా సూర్యుడు 53 డిగ్రీల ఎత్తు దాటడు కాబట్టి చలికాలంలో రోజంతా ఎంతో కొంత పక్క వెలుగు దొరుకుతుంది. వేసవిలో అయితే పొద్దున ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం ఐదు తర్వాత.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊరికే వెళ్లి చూసి రండి. ఏ పూట ఏ గోడ మీద నీడ పడుతోందో ఫోన్‌తో ఒక్కో ఫోటో తీసి పెట్టుకోండి. అసలు ఫోటో మూడోసారి వెళ్లినప్పుడు తీయండి. ఓపిక లేదనకండి, ఈ రెండు తిరుగుళ్లు తర్వాత కంప్యూటర్ ముందు మూడు గంటలు మిగులుస్తాయి.

3. ఫోటో తీయడం

వెళ్లే ముందు ఫోన్‌లో చూసుకోవలసినవి:

☐ లెన్స్ తుడిచారా? జేబులో ఉన్న ఫోన్ లెన్స్ మీద చేతి జిడ్డు తప్పకుండా ఉంటుంది.
☐ డిజిటల్ జూమ్ వాడకూడదు. దగ్గరగా కావాలంటే నాలుగు అడుగులు ముందుకు నడవాలి.
☐ హెచ్‌డీఆర్ ఆఫ్ చేయాలి. అది నీడల్ని వెలిగించి చదును చేస్తుంది, మనకు కావలసింది దానికి సరిగ్గా ఉల్టా.
☐ ఏఐ సీన్, బ్యూటీ లాంటివన్నీ ఆఫ్.
☐ స్క్రీన్ మీద వెలుగున్న గోడను తాకి, బ్రైట్‌నెస్ కొంచెం కిందికి జరపాలి. వెలుగు భాగం తెల్లగా పాలిపోతే దాన్ని మళ్లీ తేలేం.

రెండు ఫ్రేములు తీయండి: ఒకటి బురుజు మొత్తం, చుట్టూ ఆకాశం బాగా వదిలి, రెండోది కొంచెం దగ్గరగా. చుట్టూ చోటు లేకుండా తీస్తే తర్వాత ఫ్రేమ్ సరిచేసేటప్పుడు పైభాగం తెగిపోతుంది.

ట్రాఫిక్ పెద్ద సమస్య. ఒక పొద్దున నేను ఎదుటి ఫుట్‌పాత్ మీద నిలబడి ఉంటే టీ బండి కుర్రాడు, "ఏందన్నా, అరగంట నుంచి ఆడనే నిలబడినావు? ఆ బస్సు పోనీ, అప్పుడు తీయి" అన్నాడు. బస్సు పోయింది, వెనకాలే ఆటో వచ్చింది, ఆటో వెనకాల టాటా ఏస్. రోడ్డు ఖాళీ కావడం జరగని పని. అందుకే కదలకుండా ఒకే చోట నిలబడి, ఫోన్‌ను ఏదైనా గోడకో స్తంభానికో ఆనించి, రెండు మూడు నిమిషాల్లో ఎనిమిది పది ఫోటోలు తీయండి. ఒకదాంట్లో బస్సు అడ్డమొచ్చిన చోటు ఇంకోదాంట్లో ఖాళీగా ఉంటుంది. వాటిని తర్వాత కలపవచ్చు.

పురావస్తు శాఖ బోర్డున్న కట్టడాల దగ్గర ట్రైపాడ్ వాడాలంటే అనుమతి తీసుకోవాలి. చేత్తో తీసుకుంటే ఆ గొడవ ఉండదు.

ఫోటోను కంప్యూటర్‌లోకి కేబుల్‌తో తెచ్చుకోండి. వాట్సాప్‌లో పంపుకోవాల్సి వస్తే మాత్రం ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపుకోండి. ఇది చిన్న విషయం కాదు. జేపీజీ ఫైలు ఫోటోను 8 × 8 పిక్సెల్స్ గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. మామూలుగా చూస్తే ఆ గళ్లు కంటికి కనబడవు. వాట్సాప్ ఫోటోను ఇంకా కుదించేశాక, మనం రంగుల సంఖ్య తగ్గించామంటే ఆకాశంలో ఆ గళ్లన్నీ మెట్లు మెట్లుగా బయటపడతాయి. "ఆకాశంలో మచ్చలు" అని అడిగేవాళ్లలో సగం మంది ఫోటో వాట్సాప్ నుంచి వచ్చినదే అయ్యుంటుంది.

4. శుభ్రం చేయడం

ఎఫెక్ట్ వేసే ముందు చేయాల్సిన చాకిరీ ఇది. వేశాక చేద్దామంటే రెండింతలు కష్టం.

*ఒరుగు సరిచేయడం.* కింద నుంచి పైకి తీసిన ఫోటోలో కట్టడాలు వెనక్కి పడిపోతున్నట్టు ఉంటాయి. జింప్‌లో పర్‌స్పెక్టివ్ టూల్‌తో సరిచేయాలి. కానీ బురుజు అంచులనే నిలువు గీతలుగా కొలవకండి. కోట గోడల్ని కింద వెడల్పుగా, పైకి పోయే కొద్దీ సన్నగా కట్టడం మామూలే. వాటిని నిట్టనిలువు చేశారంటే బురుజు నీళ్ల డ్రమ్ములా తయారవుతుంది. పక్కనున్న కరెంటు స్తంభాన్నో, కొత్త బిల్డింగు అంచునో కొలతగా పెట్టుకోండి.

*వాహనాలు తీసేయడం.* తీసిన ఫోటోల్లో రెండిటిని లేయర్లుగా ఒకదానిపై ఒకటి పెట్టండి. పై లేయర్‌కు తెల్ల మాస్క్ (ఏ భాగం కనబడాలో చెప్పే పొర) వేసి, బస్సు ఉన్న చోట నల్ల బ్రష్‌తో రుద్దండి. కింది ఫోటోలోని ఖాళీ రోడ్డు బయటికొస్తుంది. రెండూ కొంచెం పక్కకు జరిగి ఉంటే పైదాని ఒపాసిటీ (ఎంత గట్టిగా కనబడాలో చెప్పే అంకె) సగం చేసి, మూవ్ టూల్‌తో కలిపి, మళ్లీ నూరుకు పెంచండి.

*తీగలు, ఫ్లెక్సీలు.* బురుజు ముఖానికి అడ్డంగా పోయే తీగల్ని హీల్ టూల్‌తో తీసేయండి. ఆకాశంలో పోయే తీగల్ని మాత్రం నేను ఉంచుతాను. పోస్టర్‌గా మారాక అవి చక్కటి నల్ల గీతలవుతాయి, మన ఊరిలా అనిపిస్తుంది. ఫ్లెక్సీలను పూర్తిగా తీసేయండి. వాటి మీద నిజమైన మనుషుల ముఖాలుంటాయి, రంగులు తగ్గించాక వికారంగా వస్తాయి. దారిన పోయేవాళ్ల ముఖాలు, బండ్ల నంబర్ ప్లేట్లు కూడా గుర్తుపట్టేలా ఉంచకండి.

*నలుసులు తగ్గించడం.* ఫిల్టర్స్ మెనూలో బ్లర్, దాంట్లో మీడియన్ బ్లర్. 12 మెగాపిక్సెల్ ఫోటోకి రేడియస్ 4 నుంచి 6. ఇది రాళ్ల మీది చిన్న చిన్న చుక్కల్ని కలిపేసి, రాళ్ల మధ్య సందుల్ని ఉంచుతుంది. గాసియన్ బ్లర్ ఇక్కడ వాడితే అంచులు కూడా కరిగిపోతాయి.

ఇక్కడి దాకా వచ్చాక ఎక్స్‌సీఎఫ్ (జింప్ సొంత రకం) ఫైలుగా "శుభ్రం" అని పేరు పెట్టి సేవ్ చేయండి. తర్వాత ఎన్ని ప్రయోగాలు చేసినా మళ్లీ ఇక్కడికే రావచ్చు.

5. నలుపు తెలుపు: అసలు పరీక్ష

చాలామంది ఇక్కడ డీసాచురేట్ (రంగు తీసేసే ఆప్షన్) కొట్టి ముందుకు పోతారు. అలా పోకండి. రంగు ఫోటోను నలుపు తెలుపు చేయడానికి ఒకటే దారి లేదు, ఏ దారిలో చేస్తే బొమ్మ విడివడుతుందో చూసుకోవాలి.

బురుజు రాయి పసుపూ గోధుమా కలిసిన రంగు. ఆకాశం నీలం. మామూలు డీసాచురేట్‌లో రెండూ ఒకే బూడిద రంగుకు రావచ్చు. అప్పుడు రాయికీ ఆకాశానికీ తేడా తెలియదు. కలర్స్‌లో డీసాచురేట్, దాంట్లో మోనో మిక్సర్ తెరవండి. ఎరుపు 0, ఆకుపచ్చ 0.4, నీలం 0.6 ఇవ్వండి. నీలి ఆకాశం తెల్లబడుతుంది, రాయి నల్లబడుతుంది. కట్టడం ఒక్కసారిగా ముందుకొచ్చి నిలబడుతుంది.

నీలం పూర్తిగా 1 ఇస్తే తేడా ఇంకా ఎక్కువ వస్తుంది కదా అనిపిస్తుంది. కానీ ఫోన్ ఫోటోల్లో నలుసులు ఎక్కువగా నీలం చానెల్లోనే ఉంటాయి. అందుకే ఆకుపచ్చ కొంత కలపాలి.

సాయంత్రం ఎర్రటి ఆకాశం ముందు తీసిన ఫోటో అయితే ఉల్టా చేయండి: ఎరుపు 0.7, ఆకుపచ్చ 0.3. కడపలో పాలకొండలు వెనక కనబడేలా తీసిన ఫోటోకు నీలం వైపు ఎక్కువ ఇస్తే దూరపు కొండలు లేతగా, దగ్గరి ఇళ్లు ముదురుగా విడిపోతాయి.

తర్వాత కలర్స్‌లో లెవెల్స్. నల్ల త్రిభుజాన్ని గ్రాఫ్ మొదలయ్యే చోటికి, తెల్ల త్రిభుజాన్ని అది ముగిసే చోటికి జరపండి.

పరీక్ష ఇది: బొమ్మను స్క్రీన్ మీద అగ్గిపెట్టెంత చిన్నగా చేయండి. పక్కన ఎవరైనా ఉంటే పిలిచి చూపించండి. "బురుజు" అని వెంటనే అంటే ముందుకు పోండి. "ఏందిది?" అంటే నాలుగో అంచెకు కాదు, రెండో అంచెకు వెళ్లండి. వేరే వెలుగులో ఇంకో ఫోటో కావాలి.

6. మూడు లేయర్లు

ముందు బొమ్మను రెండింతలు చేయండి: ఇమేజ్‌లో స్కేల్ ఇమేజ్, 200 శాతం. చివర్లో తిరిగి సగానికి తగ్గిస్తాం. ఇలా చేస్తేనే అంచులు రంపపు పళ్లలా రాకుండా నున్నగా వస్తాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ ఇక్కడ బాగా నిదానిస్తుంది, మిగతావన్నీ మూసేసి కొంచెం ఓపిక పట్టండి. పెంచాక 3 పిక్సెల్స్ గాసియన్ బ్లర్ ఇవ్వండి. ఇది అంచుల మూలల్ని గుండ్రం చేస్తుంది.

ఇప్పుడు వరుసగా:

1. ఈ లేయర్ మొత్తం మూడు ఉండేలా కాపీలు చేయండి. కింద నుంచి "లేత", "మధ్య", "ముదురు" అని పేర్లు పెట్టండి.
2. "లేత" మీద కలర్స్‌లో థ్రెషోల్డ్, విలువ 190.
3. "మధ్య" మీద థ్రెషోల్డ్ 130.
4. "ముదురు" మీద థ్రెషోల్డ్ 70.
5. ఒక్కో లేయర్ మీద కలర్స్‌లో కలర్ టు ఆల్ఫా, తెలుపు ఎంచుకోండి. తెలుపు మాయమై నలుపు మాత్రమే మిగులుతుంది.
6. అన్నిటికంటే కింద కొత్త లేయర్ వేసి "కాగితం" అని పేరు పెట్టండి.

ఈ విలువలు 0 నుంచి 255 కొలతలో చెప్పాను. మీ దాంట్లో 0 నుంచి 1 దాకా చూపిస్తే 0.75, 0.51, 0.27 ఇవ్వండి.

థ్రెషోల్డ్ చేసే పని తెలిస్తే అంకెలు మీరే మార్చుకోగలరు. 190 అంటే, అంతకంటే ముదురుగా ఉన్న ప్రతి పిక్సెల్ నల్లగా, లేతగా ఉన్నది తెల్లగా మారుతుంది. కాబట్టి "లేత" లేయర్‌లో బురుజు మొత్తం నల్లటి ఆకారంగా వస్తుంది, ఆకాశం ఖాళీ అవుతుంది. "మధ్య"లో నీడ పక్క మాత్రమే మిగులుతుంది. "ముదురు"లో రాళ్ల సందులు, కిటికీ కంతలు, తీగలు, చెట్ల నీడలు. ఒకదాని మీద ఒకటి పేరిస్తే గుండ్రటి బురుజు తయారవుతుంది.

నా అంకెల్నే పట్టుకుని కూర్చోకండి. స్లైడర్‌ను మెల్లగా జరుపుతూ రాళ్ల మీద చూపు పెట్టండి. ఒక చోట రాళ్ల సందులు సన్న గీతలుగా ఉంటాయి. ఇంకొంచెం జరిపితే అవన్నీ కలిసి మసి పూసినట్టు అవుతాయి. ఆ రెంటి మధ్య ఆగాలి. "ముదురు" లేయర్‌కు ఎక్కువ సమయం ఇవ్వండి. రాయి రాయిలా కనబడేది దానివల్లే.

7. రంగులు వేయడం

ఒక్కో లేయర్‌కు లాక్ ఆల్ఫా (ఖాళీ చోటును ముట్టకుండా ఆపేది) నొక్కి, రంగు ఎంచుకుని, ఎడిట్‌లో ఫిల్ విత్ ఫోర్‌గ్రౌండ్ కలర్ కొట్టండి. "కాగితం" లేయర్‌కు మాత్రం లాక్ వద్దు, మొత్తం నింపండి. మిగతా మూడింట్లో రంగు నలుపున్న చోటే నిండుతుంది.

నేను వాడిన రంగులు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో:

- ముదురు, వంకాయ నలుపు: 43, 30, 46
- మధ్య, ఇటుక రంగు: 178, 84, 48
- లేత, కందిపప్పు రంగు: 232, 178, 102
- కాగితం, మీగడ రంగు: 250, 238, 214

ఇవి నచ్చి పెట్టుకున్న రంగులే కానీ, వీటి వెనక ఒక లెక్క ఉంది. నాలుగింటినీ నలుపు తెలుపు చేస్తే వెలుగు సుమారు 36, 108, 186, 239 వస్తుంది. అంటే మెట్లు దాదాపు సమానంగా ఉన్నాయి. మీరు ఏ రంగులు తీసుకున్నా ఈ మెట్లు ఉండాలి. ముదురు ఎర్ర పక్కన ముదురు ఆకుపచ్చ స్క్రీన్ మీద అదిరిపోతున్నట్టు ఉంటుంది, నలుపు తెలుపు చేసి చూడండి, రెండూ ఒకటే. అలాంటి జత పెడితే బురుజు మళ్లీ ముద్దవుతుంది.

రంగులకు ఊళ్లోనే వెతుక్కోండి. వరదొచ్చినప్పటి తుంగభద్ర నీళ్ల ఎర్రమట్టి రంగు, కడప బండ నలుపు, ఎండుమిరపకాయ ఎరుపు. ఫోటో తీసి, కలర్ పిక్కర్‌తో తీసుకోండి. ఐదో రంగు పెట్టాలనిపిస్తుంది. అది ఒక చిన్న చోటుకే పరిమితం కావాలి, ఒక ఆటోకో, ఒక గొడుగుకో.

8. సైన్‌బోర్డు అక్షరాలు

ఇది తెలుగు ఊళ్ల ఫోటోలు చేసేవాళ్లకే ఎదురయ్యే చిక్కు.

థ్రెషోల్డ్ వేయగానే బోర్డు మీద "లక్ష్మీ" ఏమవుతుందో దగ్గరగా చూడండి. "ల" వంపుల్లోని ఖాళీ పూడిపోతుంది. "క్ష్మీ" కింద వేలాడే మకారపు ఒత్తు, పైనున్న దీర్ఘం రెండూ మూసుకుపోయి ఒక నల్ల గడ్డ అవుతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఇంత దెబ్బ తినవు, వాటిలో ఖాళీలు పెద్దవి, పైన కింద గుర్తులుండవు. మన అక్షరాల్లో సున్న లోపలి చుక్కంత ఖాళీ కూడా అర్థాన్ని మోస్తుంది.

అక్షరం సగం చెడిన బోర్డు ఉన్న బొమ్మ బయట పెట్టకండి. మూడు దార్లున్నాయి:

- బోర్డు చిన్నది, దూరంగా ఉంటే అక్షరాలు పూర్తిగా తీసేసి ఒకే రంగు నింపండి.
- మధ్య సైజు అయితే అసలు ఫోటోను కింద పెట్టుకుని, కొత్త లేయర్ మీద బ్రష్‌తో అక్షరాల మీదుగా గీయండి. చేత్తో రాసిన పాత బోర్డులకు ఇదే సరైన దారి, పెయింటర్ వంపులు అలాగే ఉంటాయి.
- ఫాంటు వాడిన కొత్త బోర్డు అయితే దగ్గరి పోలికున్న తెలుగు ఫాంట్‌తో టైపు చేసి, పర్‌స్పెక్టివ్ టూల్‌తో బోర్డు వాలుకు కలపండి.

బటన్ నొక్కితే బొమ్మ గీసిచ్చే ఏఐ యాప్‌లను నేను ఈ పనికి వాడను. అవి లేని కిటికీలు పెడతాయి, బోర్డు మీద ఏ భాషా కాని గీతలు గీస్తాయి. ఊరివాళ్లు చూసే బొమ్మలో ఊరు ఊరిలాగే ఉండాలి.

9. ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

*ఆకాశంలో మచ్చలు:* ఒరిజినల్ ఫైలు వాడుతున్నారా చూడండి. అదే అయితే "లేత" లేయర్ మీద ఎరేజర్‌తో ఆకాశం తుడిచేయండి. తప్పేమీ కాదు.

*చెట్లు చిందరవందర:* వేపచెట్టు ఆకులు థ్రెషోల్డ్‌లో ఇసుక జల్లినట్టు వస్తాయి. శుభ్రం చేసిన ఫైలుకు వెళ్లి, చెట్టును మాత్రం సెలెక్ట్ చేసి, మీడియన్ బ్లర్ 12 దాకా ఇచ్చి మళ్లీ చేయండి.

*బురుజు పక్క బిల్డింగులో కలిసిపోవడం:* పక్క బిల్డింగును సెలెక్ట్ చేసి, కర్వ్స్‌తో కొంచెం లేత చేయండి. వెనకున్నది లేతగా ఉంటే ముందున్నది తనంతట తానే ముందుకొస్తుంది.

*అన్నీ బాగున్నా బొమ్మ చప్పగా ఉండటం:* ఎక్కువగా "మధ్య" లేయర్ పెద్దదై ఉంటుంది. 130 ని 110కి తగ్గించి చూడండి.

10. ఇదే ఫోటోతో ఇంకో మూడు

*పెన్సిల్ గీత.* నలుపు తెలుపు ఫోటోను డూప్లికేట్ చేయండి. పైదాన్ని ఇన్వర్ట్ చేసి, గాసియన్ బ్లర్ 10 నుంచి 20 ఇచ్చి, లేయర్ మోడ్‌ను డాడ్జ్‌కు మార్చండి. బ్లర్ తక్కువైతే గీత సన్నం, ఎక్కువైతే లావు. పాతబస్తీ సందుల ఫోటోలకు ఇది బాగా నప్పుతుంది. ఖాళీ ఆకాశం ఎక్కువున్న ఫోటోకు నప్పదు.

*బొమ్మల ఊరు.* మూడో అంతస్తు నుంచో ఇంకా పై నుంచో రాజ్‌విహార్ సెంటర్ లాంటి కూడలిని కిందికి చూస్తూ తీసిన ఫోటో కావాలి. ఫిల్టర్స్‌లో బ్లర్, ఫోకస్ బ్లర్, ఆకారం హారిజాంటల్. రోడ్డు మీద ఒక అడ్డపట్టీ మాత్రం స్పష్టంగా ఉండాలి. రంగులు 20 శాతం పెంచండి. ఆటోలు ఆటబొమ్మల్లా కనబడతాయి. స్పష్టమైన పట్టీలోంచి పైకి లేచే ఎత్తు బిల్డింగు ఉంటే దాని పైభాగం మసకబారి గుట్టు బయటపడుతుంది. దాన్ని మాస్క్‌తో కాపాడండి.

*పాత పేపర్ చుక్కలు.* ఫిల్టర్స్‌లో డిస్టార్ట్స్, న్యూస్‌ప్రింట్. దీన్ని చిట్టచివర, ఫైనల్ సైజులోనే వేయాలి. చుక్కలు వేశాక సైజు మారిస్తే గళ్లు గళ్లుగా అలలు వస్తాయి.

11. ఫోన్ ఒక్కటే ఉంటే

స్నాప్‌సీడ్ అనే ఫోటో యాప్‌లో హీలింగ్‌తో తీగలు తీసేసి, పర్‌స్పెక్టివ్ సరిచేసుకోండి. తర్వాత ఫోన్ బ్రౌజర్‌లోనే ఫోటోపీ (ఫోటోలు ఎడిట్ చేసే వెబ్‌సైట్) తెరవండి. థ్రెషోల్డ్, పోస్టరైజ్, లేయర్లు అన్నీ అందులో ఉన్నాయి. చిన్న స్క్రీన్ మీద కష్టమే కానీ అసాధ్యం కాదు. మూడు లేయర్ల ఓపిక లేకపోతే నలుపు తెలుపు చేసి, పోస్టరైజ్ (మెట్ల సంఖ్య తగ్గించేది) 4 ఇచ్చి, గ్రేడియంట్ మ్యాప్‌తో (ఒక్కో మెట్టుకు ఒక్కో రంగు ఇచ్చేది) పైన చెప్పిన నాలుగు రంగులు ఇవ్వండి. ఒక్కో మెట్టును విడిగా జరిపే వీలు మాత్రం పోతుంది.

12. ప్రింటుకు ఇచ్చే ముందు

మొదటిసారి నేను ఫైలు ఇచ్చేసి సాయంత్రం వెళ్లి ఇరవై కాపీలు తెచ్చుకున్నాను. వంకాయ రంగు పూర్తి నలుపై, రాళ్ల సందులు ఇటుక రంగులో కలిసిపోయి ఉన్నాయి. స్క్రీన్ వెలుగుతో చూపించేదాన్ని కాగితం మీద ఇంకు చూపించలేదు. తప్పు నాదే, ఒక్క కాపీ వేయించి చూసుంటే సరిపోయేది.

☐ బొమ్మను 50 శాతానికి తగ్గించి, వేరే పేరుతో సేవ్ చేశారా?
☐ చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా వదిలారా? కత్తిరింపులో అంచు పోతుంది.
☐ పీఎన్‌జీ లేదా పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేశారా? చదునైన రంగులకు జేపీజీ వద్దు.
☐ టీషర్టుకో పెద్ద ఫ్లెక్సీకో అయితే ఇంక్‌స్కేప్ అనే ప్రోగ్రామ్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ (పిక్సెల్స్‌ను గీతలుగా మార్చేది) చేసి ఎస్‌వీజీగా ఇవ్వండి. ఎంత పెంచినా అంచు చెడదు.
☐ ఏ4లో ఒక్క కాపీ, గ్లాసీ కాదు, మ్యాట్ కాగితం మీద వేయించండి.
☐ ఆ కాపీని షాపు ట్యూబ్‌లైట్ కింద కాదు, బయటికి తెచ్చి పగటి వెలుగులో చూడండి. ముదురు రంగు నల్లబడి ఉంటే మూడు అంకెలకూ పదిహేను చొప్పున కలపండి.
☐ కౌంటర్‌లో "ఫిట్ టు పేజ్ వద్దన్నా, యాక్చువల్ సైజులోనే వేయి" అని చెప్పండి. చెప్పకపోతే మీరు లెక్కగా వదిలిన అంచుల చుట్టూ ఇంకో తెల్ల అంచు వస్తుంది.